పైలం, మైకు కొడ్తది!

ఆ రోజుల్లో మా వైపు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియనివి రెండే ఉండేవి. ఒకటి కరెంటు, రెండోది తెలంగాణ. రెండింటి గురించీ పెద్దవాళ్ళు చెప్పే మాట ఒకటే: "ఇగ అచ్చినట్టే." కరెంటు ఇట్లా వచ్చి, ఊరంతా మోటార్ల దగ్గరికి ఉరికేలోపు అట్లా పోయేది. తెలంగాణ కూడా ఓసారి అచ్చం అట్లాగే వచ్చినట్టే వచ్చి, మేము పటాకులు కాల్చడం పూర్తికాకముందే వెనక్కి మళ్ళింది. అందుకేనేమో, మా ఈడువాళ్ళకు ఆశల మీద కన్నా చార్జింగు లైటు మీద నమ్మకం ఎక్కువ. ఇప్పుడు రెండూ వచ్చాయి. రెండూ పోకుండా ఉన్నాయి. అయినా ఎవరైనా మైకు పట్టుకుంటే చాలు, నా కళ్ళు ఇప్పటికీ మొదట వాళ్ళ కాళ్ళ వైపే పోతాయి, చెప్పులున్నాయా లేవా అని. ఎందుకో చెబుతాను.

ఇంటర్మీడియెట్‌లో నన్ను ముంచింది భౌతికశాస్త్రం. అందులోనూ విద్యుదయస్కాంతత్వం (ఆ పేరును తప్పు లేకుండా రాసినందుకైనా పాస్ చేయాల్సింది, చేయలేదు). ఆ చదువు అట్లా ముగిశాక చిట్యాలలో ఒక మైకు సెట్టు దుకాణంలో పనికి కుదిరాను. ఓనరును అందరూ హలో అన్న అనేవారు. పొద్దంతా "హలో, హలో" అని మైకులు పరీక్షించీ పరీక్షించీ, ఇంటికి పోయి భార్యను కూడా "హలో" అనే పిలిచేవాడని చెప్పుకునేవారు. కాలేజీలో నాకు ఎక్కని పాఠం ఆయన ఒక్క పూటలో ఎక్కించాడు. "సూడు తమ్మీ, మైకుల ఓ అయస్కాంతముంటది, దాని చుట్టు సన్నటి తీగ. నువ్వు మాట్లాడితే గాలికి తీగ కదుల్తది, కదిలితె కరెంటు పుడ్తది. గది డబ్బాల వడి లావైతది. లావై హారన్లకు పోతె, ఆడ ఇంకో అయస్కాంతం. గది పొరను ఊపితె మల్ల మాటైతది. నడుమ మనది ఇస్తిరి పెట్టె పని, మాటను సాపు జేసుడు." అంటే మాట్లాడేవాడి నోటికీ వినేవాడి చెవికీ మధ్య రెండు సూదంటురాళ్ళు తప్ప ఏమీ లేవన్నమాట. పక్క దుకాణం టైలరు, పాడైపోయిన మా హారన్లలోని అయస్కాంతాలు అడిగి తీసుకుపోయి, కింద రాలిన గుండుసూదులు ఏరుకునేవాడు. నాయకుల ఉపన్యాసాలు మోసిన రాళ్ళు చివరికి ఓ పనికొచ్చాయని నేను సంతోషించేవాణ్ణి.

మా దుకాణంలో డబ్బా అంటే ఆంప్లిఫైయరు. అది నాకన్నా వయసులో పెద్దది. దానికి రెండు పుల్లల పిన్ను. ఆ పిన్నును బోర్డులో ఒక రకంగా పెడితే డబ్బా బుద్ధిగా ఉండేది. తిప్పి పెడితే దాని ఒళ్ళంతా సన్నగా కరెంటు పారి, మైకు మూతికి తగలగానే జిల్లుమనేది. మనిషిని పడగొట్టేంత కాదు, కండచీమ కుట్టినంత. మైకు సెట్టువాళ్ళందరికీ దీనికి తెలిసిన వైద్యం ఒక్కటే, "కొడితే పిన్ను తిప్పి పెట్టు." (ఎర్తింగు అనే మాట హలో అన్నకు తెలియక కాదు. ఆ మాటకు తీగ కొనాలి, గుంత తవ్వాలి. పిన్ను తిప్పడానికి రెండు వేళ్ళు చాలు.)

ఇక మామ. మా అమ్మకు తమ్ముడు, మొగుళ్లపల్లి దగ్గర మా ఊళ్ళోనే మిర్చి, పత్తి పండించేవాడు. ఇంట్లో మాట్లాడితే వాకిట్లో కోళ్ళు కూడా ఆగి వినేవి. అట్లాంటి మనిషి ఊరు దాటి నలుగురిలోకి వస్తే మాత్రం నోరు కుట్టేసుకునేవాడు. దానికో కథ ఉంది. ఒక ఏడు మిర్చి అమ్ముకోవడానికి లారీ ఎక్కి కోస్తా వైపు దూరపు మార్కెట్టుకు పోయాడు. అక్కడ హమాలీలతో, "అన్నా, సంచులు జర పైలంగ దించుండ్రి" అన్నాడట. పైలం అంటే జాగ్రత్త. మా దగ్గర పసిపిల్లను ఎత్తుకున్నా పైలం, బస్సెక్కినా పైలం, పోయొస్తామంటే జవాబు కూడా పైలమే. అక్కడి గుమాస్తా ఒకాయన ఆ మాటను సాగదీసి, "పైఁలంగ దించుండ్రంట!" అని సినిమాలో రౌడీ పక్కనుండే వాడి గొంతుతో అన్నాడు. అందరూ నవ్వారు. మిర్చి అమ్ముడుపోయింది, కానీ మామ ఆ మాటను అక్కడే వదిలేసి వచ్చాడు. అప్పటి నుంచి కొత్త మనిషి కనిపిస్తే చాలు, "రండి, కూర్చోండి, మంచినీరు త్రాగుతారా" అని పుస్తకం భాష మొదలుపెట్టేవాడు. మూడో వాక్యానికి పుస్తకం అయిపోయేది. (ఇది రాస్తూ రాస్తూ నేనూ పుస్తకాల భాషలోకే జారుతున్నానని తెలుసు. మామ చూస్తే "ఏంరా, గుమాస్తా కొలువచ్చిందా?" అంటాడు.)

మొగుళ్లపల్లిలో రోడ్డు పక్కన దీక్షా శిబిరం వేశారు. రోజుకో ఊరివాళ్ళు వచ్చి కూర్చునేవారు. మా మైకు సెట్టు ఉద్యమానికి ఉచితం, నేను దానితో పాటు ఉచితం. అక్కడ ఒక చిక్కుండేది. కరెంటు లేకపోతే మైకు పలకదు. కరెంటు వస్తే జనం ఉండరు, మోటార్లు వేయడానికి పోతారు. నాయకుడు "సోదరులారా" అనేసరికి ఎదురుగా ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, ఒక మేకా మిగిలేవారు. మా ఊరి వంతు వచ్చిన రోజు శిబిరం నడిపే సారు (పక్క ఊళ్ళో బడి చెప్పి రిటైరైన ఆయన) అన్నాడు, "మీ ఊరి నుంచి ఒక్కరన్నా మాట్లాడాలె. ప్రతి సభకు ముందల కూసునేటాయన ఉన్నడు గద, గాయన మాట్లాడుతడు." అందరూ మామను చూశారు. మామ నన్ను చూశాడు. నేను హారను వైపు చూశాను.

అత్త ముందు రోజు నుంచే మొదలుపెట్టింది. "అల్లుడా, మీ మామ మైకుల మాట్లాడుతడట. కరెంటు పోవాలని మొక్కుకోరాదు." అన్నది గానీ, పొద్దున్నే తన పొదుపు సంఘం ఆడవాళ్ళను తీసుకుని శిబిరం ముందు సాన్పి (పేడనీళ్ళ కళ్ళాపి) చల్లి, పెద్ద ముగ్గు వేసింది. నేలంతా చిత్తడి. దీక్షలో కూర్చునేచోట చెప్పులతో నిలబడకూడదని మా దగ్గర ఒక కట్టుబాటు, కాబట్టి మాట్లాడేవాళ్ళందరూ ఉత్త కాళ్ళే. కింద తడి మన్ను, పైన పాత డబ్బా. ఇక ఆ రోజు హడావుడిలో పిన్ను ఏ వైపు పెట్టామో డబ్బాకే తెలుసు. భౌతికశాస్త్రం నన్ను వెతుక్కుంటూ మొగుళ్లపల్లి దాకా వచ్చింది.

మామ మైకు ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా. నుదుట చెమట. "గౌరవనీయులైన సభాధ్యక్షులు గారికి, వేదికను అలంకరించిన పెద్దలకు..." వేదిక మీద సారు ఒక్కడే ఉన్నాడు, ఆయన కూడా దేన్నీ అలంకరించినట్టు లేడు. "నేను, నేను ఈ సందర్భమున..." పుస్తకం అయిపోయింది. మామ తల వంచాడు. అత్త కొంగు నోట్లో పెట్టుకుంది. ఏదో ఒకటి అనాలని మామ గట్టిగా ఊపిరి తీసి ముందుకు వంగాడు. పెదవి మైకుకు తగిలింది.

"ఓర్నీయవ్వ!" అని అరిచాడు మామ. మొగుళ్లపల్లి మొత్తం వినపడేలా. "ఏందిర గిది! కొట్టవడ్తివి!"

జనం తలలెత్తారు. తర్వాత ఎవరో వెనక నుంచి "శెబాష్!" అన్నారు. మా మామ ఢిల్లీని తిడుతున్నాడని వాళ్ళు అనుకున్నారు. మామకు ఇవేవీ పట్టలేదు. పక్కన దీక్షలో కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి చెయ్యి ఊపుతూ, మంచిమనిషి కదా, హెచ్చరించాడు: "పైలం! అందరు పైలంగుండుండ్రి! గిది మామూలు కరెంటు కాదు!"

"కాదు, కాదు!" అన్నారు జనం.

"ఎవ్వలు ముట్టుకున్నా కొడ్తది!"

చప్పట్లు. ఈలలు. మోటారు వేయడానికి పోతున్న వాళ్ళు ఆగారు. మామ నా వైపు తిరిగి, "ఏం సూస్తున్నవ్‌రా, తిప్పు! అటుది ఇటు తిప్పు!" అని కేక వేశాడు. నాకు చెప్పాడు, పిన్ను గురించి. కానీ హారను ఉన్నదే ఎవరికి చెప్పినా అందరికీ చెప్పడానికి. "తిప్పుదాం! తిప్పుదాం!" అని శిబిరమంతా పిడికిళ్ళు ఎత్తింది. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను పిన్ను మీద చెయ్యి వేసి, మామ ముఖం చూసి, తీసేశాను. ఎందుకంటే ఆ ముఖంలో ఏదో మారింది. తన మాటకు జనం లేచి నిలబడటం ఆయన పుట్టాక మొదటిసారి చూస్తున్నాడు. మైకుకు జానెడు దూరం జరిగి, ఇంట్లో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాడు. ఎండిన బోర్లు, కాలిన మోటార్లు, వలస పోయిన పిల్లలు. మధ్యమధ్య మరిచిపోయి దగ్గరికి వంగేవాడు, జిల్లుమనేది, "పైలం!" అని ఎగిరేవాడు. ప్రతి ఎగురుకూ చప్పట్లు. కిందికి దిగేసరికి ఆయనకు కొత్త పేరు కూడా వచ్చింది, కరెంటు మామ.

ఆ తర్వాత మామ నన్ను పక్కకు పిలిచి, చాలా గంభీరంగా అడిగాడు, "అల్లుడా, పిన్ను ఏ దిక్కుండె?"

"నాకేం ఎరుక మామా. కొట్టే దిక్కుండె."

"గదే దిక్కు ఉంచు. నా నోరు గట్లైతేనే తెరుసుకుంటది."

నేను ఎంత చెప్పినా వినలేదు. షాకుకూ మాటకూ సంబంధం లేదంటే, "ఫెయిలైనోనికి నీకేం తెలుసురా" అన్నాడు. అత్త ఒక అడుగు ముందుకేసి, ఆ పిన్నుకు కొట్టే వైపు కుంకుమ బొట్టు పెట్టింది. "మాట వడే దిక్కు" అని దానికి పేరు. అట్లా మా మామ ఉపన్యాసం, మా డబ్బా, బొట్టు పెట్టిన పిన్ను, బిందెడు నీళ్ళు ఊరూరా తిరగడం మొదలుపెట్టాయి. చిట్యాలలో అదరగొట్టాడు. నెల్లికుదురులో మాత్రం వేదిక మీద చెక్కబల్లలు, వాటి మీద దళసరి జంపఖానా. చెక్క మీద నిలబడ్డ మనిషికి కరెంటు ఎట్లా కొడుతుంది? మామ మైకుకు మూతి ఆనించి ఎదురుచూశాడు. ఏమీ లేదు. "గౌరవనీయులైన సభాధ్యక్షులు గారికి" అన్నాడు. "నమస్కారములు" అన్నాడు. దిగిపోయాడు. తిరుగు బస్సులో ఊరు చేరేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాడు. నేను ఏదో జోకు వేయబోయి మామ మెడ వెనక భాగం చూసి మానేశాను. నవ్వించడానికి పనికిరాని మెడలు కొన్ని ఉంటాయి.

అప్పుడొచ్చింది జనగామ పిలుపు. పెద్ద సభ. జిల్లా నలుమూలల నుంచి జనం (అప్పుడు అంతా ఒకటే జిల్లా, జనగామ అయినా భూపాలపల్లి అయినా). కరెంటు మామ మాట్లాడాలని ఎవరో అక్కడి పెద్దలకు చెప్పారు. మామ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక అన్నం తినడం తగ్గించాడు. "నెల్లికుదురు తీరు ఐతే ఇగ ఊర్ల తిరగనురా" అన్నాడు నాతో ఒక్కడితో. ఎగతాళికి అన్నట్టు లేదు. మార్కెట్లో ఒక మాట వదిలేసి వచ్చిన మనిషి, మిగిలిన మాటలు కూడా వదిలేసేటట్టున్నాడు.

సభ రోజు అత్త, ఆమె సంఘం ఆడవాళ్ళూ డీసీఎం వ్యానులో ముందే పోయి మొదటి వరుసల్లో కూర్చున్నారు. అక్కడి మైకు సెట్టు మాది కాదు. కొండంత బాక్సులు, మెరిసే డబ్బాలు. నేను స్టేజీ వెనక్కి పోయి ఆపరేటరును పట్టుకున్నాను.

"అన్నా, జర పిన్ను తిప్పి పెడ్తవా?"

"ఎందుకు తమ్మీ? మంచిగనే పలుకుతున్నది గద."

"పలుకుడు కాదన్నా. మా మామకు షాకు కొట్టాలె."

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "మీ మామకూ నీకూ భూమి పంచాయితీ ఏమన్న ఉన్నదా?"

"లేదన్నా, ఉపన్యాసం."

"గిది మూడు పుల్లల పిన్ను. తిప్పరాదు. ఎర్తింగు గూడ గుంత తవ్వి ఏసినం. ఏనుగు ముట్టుకున్నా ఏం గాదు." ఆయన గర్వంలో న్యాయముంది. అంత పద్ధతిగా చేసిన పనికి జీవితంలో మొదటిసారి శాపనార్థాలు పెట్టాను.

స్టేజీ మెట్ల దగ్గర మామ చెప్పులు విడుస్తూ, కళ్ళతోనే అడిగాడు. నేను అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఊపాను. ఆయన తనకు కావలసినట్టు అర్థం చేసుకుని మెట్లెక్కాడు. మైకు ముందు నిలబడ్డాడు. ఎదురుగా కనుచూపు మేర తలలు. మామ ముందుకు వంగి, మైకుకు పెదవులు ఆనించాడు. ఆగాడు. ఇంకాస్త గట్టిగా ఆనించాడు. మూడు పుల్లలూ తమ పని తాము చేశాయి. "గౌరవనీయులైన" అన్నాడు సన్నగా. బాక్సుల్లోంచి ఆ ఒక్క మాట పోయి ఎక్కడో గోడకు తగిలి తిరిగొచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. మళ్ళీ వంగి మైకుకు మూతి ఆనించాడు. నేను స్టేజీ పక్కన బాక్సు వెనక నక్కాను.

ఆ నిశ్శబ్దంలో, ఏ మైకూ అక్కర్లేని ఒక గొంతు లేచింది. అత్త నిలబడి ఉంది. నడుం మీద చెయ్యి.

"ఏమయ్యో! ఇంట్ల నా చెవులు తినుకుంట, గింత దూరమచ్చి మైకును ముద్దు వెట్టుకుంటున్నవేంది!"

మొదటి వరుసలు పగలబడి నవ్వాయి. మామ ఉలిక్కిపడ్డాడు. నాకు తెలిసినంతవరకు ఏ డబ్బా కూడా ఆయన్ను అట్లా ఎగరగొట్టలేదు. కొన్ని కరెంట్లకు ఎర్తింగు పనిచేయదు. ఆలోచించకుండా, ఇంట్లో అన్నట్టే, మైకులో అనేశాడు: "నువ్వు జర పైలం! ఇంటికచ్చినంక చెప్త నీ ముచ్చట!"

అంతే. ఆ మైదానమంతా నవ్వింది. ముందు వరుస నవ్వి, అది అల అలగా వెనక్కి పోయి, చివరన చెట్ల మీద కూర్చున్నవాళ్ళ దాకా చేరింది. నేను మామనే చూస్తున్నాను. ఆ నవ్వుకు ఆయన భుజాలు ముడుచుకున్నాయి. ముఖం పాలిపోయింది. పైలం అన్నందుకు నవ్వడం ఆయనకు కొత్త కాదు కదా. స్టేజీ దిగేస్తాడనే అనుకున్నాను. కాలు వెనక్కి వేశాడు కూడా. సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఎవరో, మా వైపు వాళ్ళెవరో, "గట్లనుండ్రి మామా! పైలం!" అని అరిచారు. ఇంకొకరు అందుకున్నారు. పైలం, పైలం అని ఆడవాళ్ళు చప్పట్లు. మామ తలెత్తి కాసేపు విన్నాడు. ఆ నవ్వులో సాగదీసే గొంతు ఎక్కడైనా ఉందా అని వెతుకుతున్నట్టు విన్నాడు. లేదు.

"గా మాటన్నందుకు ఓపాలి నన్ను నవ్విండ్రు," అన్నాడు మైకులో, మెల్లగా. "మిర్చి అమ్మవోయిన కాడ. నాకు సిగ్గయింది. ఇయ్యాల మీరు గూడ నవ్విండ్రు. సిగ్గు గాలేదు. ఎందుకు గాలేదో నాకెరుక లేదు గని, గా తేడా కోసమే మనం గీడికచ్చినం అనుకుంట."

తర్వాత ఏం మాట్లాడాడో నాకు పూర్తిగా గుర్తు లేదు. బోర్లు, మోటార్లు, మిర్చి, అవే. కానీ పుస్తకం ఒక్కసారి కూడా తెరవలేదు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు (మిర్చి పేరు అన్నిసార్లు ఎత్తితే ఎవరికైనా నీళ్ళొస్తాయి). బాక్సు వెనక నేను కూడా తుడుచుకున్నాను. అక్కడ దుమ్ము ఎక్కువ.

డీసీఎంలో తిరిగి వస్తుంటే మామ నా భుజం తట్టాడు. "కొట్టలేదు గదరా ఇయ్యాల?"

"కొట్టింది మామా. పిన్ను దాకా పోకుంటనే కొట్టింది."

అత్త వెనక నుంచి, "ఏమంటుండు వాడు?" అంది. ఇద్దరం ఏమీ అనలేదన్నాం. ఆ ఒక్క విషయంలో మామ, నేను మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చాం.

తెలంగాణ వచ్చింది. కరెంటూ నిలబడింది. ఒక జిల్లా పోయి చాలా జిల్లాలయ్యాయి. హలో అన్న దుకాణం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను, తీగల్లేని మైకులు, రంగురంగుల లైట్లు. ఈమధ్య మామ మనవరాలికి ఓణీలు, చీరలు కట్టించే ఫంక్షన్‌లో మామను మాట్లాడమని నేనే మైకు చేతికిచ్చాను. ఆయన మొదట చెప్పులు విడిచాడు. తర్వాత అరచేత్తో కాదు, చేతి వెనక భాగంతో మైకును ముట్టి చూశాడు. "పిన్ను ఏ దిక్కున్నదిరా?"

"దీనికి పిన్నే లేదు మామా. లోపల సెల్లుంటది."

"మరి మాట ఎట్లస్తదిరా దీనికి?" అన్నాడు. అని, అట్లాగే మొదలుపెట్టి, అన్నాలు చల్లారేదాకా మాట్లాడాడు. ఆయన పేజీ లేని పుస్తకాన్ని ఆపే స్విచ్చు ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

ప్రతి వింత వెనకా తీగ ఎక్కడుందో, పిన్ను ఎవరు తిప్పారో కనిపెట్టి చెప్పేయడమే తెలివి అనుకునేవాణ్ణి అప్పుడు. జనగామలో కొట్టే తీగా లేదు, పిన్నూ తిరగలేదు, ఏమైందో మాత్రం ఇప్పటికీ కనిపెట్టలేకపోతున్నాను. పాత డబ్బా తుక్కుకు పోయింది, దాని హారను అయస్కాంతం టైలరు దగ్గర ఇంకా సూదులేరుతోంది. రెండు పుల్లల పిన్నును మాత్రం ఉంచుకున్నాను. దుకాణంలో మేకుకు వేలాడుతుంది, అత్త పెట్టిన బొట్టు సగం చెరిగింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఏ దేవుడో అనుకుని చెయ్యెత్తబోతారు. నేను నవ్వాపుకుని ఒకటే మాట చెబుతాను. అది మా మామ వదిలేసి, మళ్ళీ తెచ్చుకున్న మాట.

"పైలం."